కత్తెర దేనికని అడగలేదు

అమీర్‌పేట మెట్రో స్టేషన్ వెనక సందులో భిక్షపతి టైలర్ దుకాణం ఉంది. వెడల్పు ఎనిమిదడుగులు. పైన రెండంతస్తులు కోచింగ్ సెంటర్, ఆపైన ఆడపిల్లల హాస్టల్. దుకాణంలో రెండు మిషన్లు. ఒకదాని మీద భిక్షపతి, రెండోదాని మీద యూనిస్ కూర్చుంటారు. భిక్షపతి సిరిసిల్ల నుంచి వచ్చి ముప్పై ఒక్క ఏళ్లయింది. యూనిస్ ఆరేళ్ల నుంచి ఇక్కడ పని చేస్తోంది. యూసుఫ్‌గూడ నుంచి నడిచి వస్తుంది.

కత్తెర విషయంలో భిక్షపతికి రెండు నియమాలున్నాయి. ఒకటి, ఎవరి చేతికీ ఇవ్వడు. బల్ల మీద పెడతాడు, కావలసినవాళ్లు తీసుకోవాలి. రెండు, దేనికో అడగకుండా ఇవ్వడు. కోచింగ్ సెంటర్ పిల్లలు ఫొటోలు కోసుకోవడానికి వస్తుంటారు. కాగితం కోసిన కత్తెర ఆ తర్వాత బట్టను కోయదు, నములుతుంది. అందుకని ఎవరు అడిగినా ముందు "దేనికి?" అంటాడు. "ఫొటోకు అంకుల్" అంటే బ్లేడు ఇచ్చి పంపిస్తాడు.

దుకాణం మెట్టు పక్కన పెయింటు డబ్బాలో బాదం మొక్క ఉంది. ఎవరూ నాటలేదు. పైనుంచి ఎవరో విసిరిన కాయ మొలిచి నడుము ఎత్తుకు వచ్చింది. మే నెల మొదటి వారంలో ఆ మొక్క దగ్గరికి ఒక పిట్ట రావడం యూనిస్ చూసింది.

బొటనవేలంత పిట్ట. వీపు ఆకుపచ్చ, నెత్తి ఇటుక రంగు, తోక నిలువుగా లేపి ఉంటుంది. అరిస్తే మాత్రం రెండు మిషన్లు నడుస్తున్నా వినపడుతుంది. అది కిటికీ అంచు మీదకు వచ్చి, అక్కడ రాలిన దారప్పోగుల్లో ఒకటి ముక్కుతో ఎంచుకుని ఎగిరిపోయింది. కాసేపటికి మళ్లీ వచ్చింది.

"అన్నా, మన దారం దొంగతనం చేస్తుంది చూడు," అంది యూనిస్.

భిక్షపతి మిషన్ ఆపి బయటికి వచ్చాడు. కళ్లద్దాలు నుదుటి మీదనుంచి దించుకుని మొక్క దగ్గర వంగాడు. రెండు బాదం ఆకులు అంచులు కలిసి ఉన్నాయి. అంచు పొడవునా సూదిమొన పట్టేంత రంధ్రాలున్నాయి. ఒక్కో రంధ్రంలోంచి ఒక్కో పోగు దూరి, చివర ఉబ్బి, వెనక్కి రాకుండా ఇరుక్కుంది. ముడి ఎక్కడా లేదు. పోగుల్లో నాలుగు మెజెంటా రంగువి. ముందు రోజు కుట్టిన పెళ్లి జాకెట్టువి.

ఆయన రంధ్రాలు లెక్కపెట్టాడు. ఒక వైపు పదకొండు.

"టేపు లేదు, చాక్‌పీస్ లేదు," అన్నాడు. "కుట్ల నడుమ ఎడం చూడు యూనిస్, అన్నీ ఒక్కతీరుగున్నయి. నేను మిషన్ మీద సుత గింత సన్నగ కుట్టలే."

"మరి కొలువులో పెట్టుకో. నాకు ఆదివారంతో పాటు శనివారం సుత సెలవిస్తవు."

"అది ఫోన్ చూడది. నీకన్న నయమే."

ఆ రోజు నుంచి యూనిస్ పోగులు ఊడ్చిపారేయడం మానేసింది. పొడవుగా ఉన్నవాటిని వేలెడంతకు కోసి కిటికీ అంచు మీద పెట్టేది. ముప్పైకి పైగా రంగుల పోగులుంటే పిట్ట ముందు నూలువే తీసుకునేది, సిల్కువి జారతాయని కాబోలు వదిలేసేది. అది చూసి భిక్షపతి రెండు రోజులు నవ్వుకున్నాడు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఇద్దరూ మొక్క వైపు తిరిగి కూర్చునేవాళ్లు. పద్నాలుగో తేదీకి గూట్లో మూడు గుడ్లు కనిపించాయి. దర్జీ పిట్ట అంటారని, గుడ్లు పన్నెండు రోజులకు పగులుతాయని, పిల్లలు మరో పద్నాలుగు రోజులకు ఎగురుతాయని యూనిస్ ఫోన్లో వెతికి చెప్పింది. గోడ మీది క్యాలెండర్లో జూన్ తొమ్మిదో తేదీ చుట్టూ చాక్‌పీస్‌తో గీత గీసింది.

"ఎవరికీ చెప్పకు అన్నా. గీ సందుల సంగతి నీకు ఎరుకే. ఒక్కడు చూసిండంటే హాస్టల్ మొత్తం సెల్ఫీలకు దిగుతది."

"నేనెవరికి చెప్తనే?"

ఆయన ఒక్కరికి చెప్పాడు.

హనుమత్ప్రసాద్ శ్రీనగర్ కాలనీలో ఉంటాడు. బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యాడు. ఇరవై రెండేళ్లుగా భిక్షపతి దగ్గరే బట్టలు కుట్టించుకుంటున్నాడు. రిటైరయ్యాక కెమెరా కొన్నాడు. ఆదివారాలు పక్షుల ఫొటోలు తీసేవాళ్లతో కలిసి చెరువుల వెంట తిరుగుతాడు. మే ఇరవై ఎనిమిదిన బంద్‌గలా కోటుకు కొలతలివ్వడానికి వచ్చాడు. భుజం కొలత తీసుకుంటూ భిక్షపతి ఆగలేకపోయాడు.

"సార్, మీరు పిట్టల ఫొటోలు తీస్తరు గదా. నాకన్న పనితనం తెల్సిన దర్జీ వచ్చిందిక్కడ."

బయటికి తీసుకుపోయి చూపించాడు. పిల్లలు బయటపడి రెండు రోజులైంది. హనుమత్ప్రసాద్ మొక్క ముందు గొంతుక్కూర్చుని కదలలేదు. లేచాక ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. అది భిక్షపతి చూశాడు.

"ఎంత అదృష్టవంతుడివయ్యా భిక్షపతీ. మేము ఎనభై కిలోమీటర్లు పోయినా దొరకదు ఇది. నీ గుమ్మంలోకొచ్చి కట్టుకుంది."

"తొమ్మిదో తారీఖుకు ఎగురుతయంట సార్."

"ఒక్కసారి వచ్చి దూరంనుంచి తీసుకుపోతాను. దాన్ని ఇబ్బంది పెట్టను."

జూన్ మొదటి ఆదివారం యూనిస్ చర్చికి పోయింది. ఆరాధన పన్నెండింటికి అయిపోతుంది. పెళ్లిళ్ల రోజులు కాబట్టి దుకాణం తెరిచే ఉంది. ఒక పెళ్లికూతురి జాకెట్టు ఒంటిగంటకు ఇవ్వాలి, చేతులకు పైపింగు సరిగ్గా కూర్చోవడం లేదు. పదిన్నరకు హనుమత్ప్రసాద్ వచ్చాడు. వెంట ఆరుగురు వచ్చారు. అందరి దగ్గరా కెమెరాలు, మూడుకాళ్ల స్టాండ్లు ఉన్నాయి.

భిక్షపతి తలెత్తి నమస్కారం పెట్టి మళ్లీ పైపింగు మీదకు వంగాడు. బయట మాటలు వినిపిస్తున్నాయి.

"ఆ కొమ్మ అడ్డం వస్తోంది సార్."

"వంచి కట్టండి."

"బ్యాక్‌గ్రౌండ్‌లో ఆ డ్రైనేజీ మూత వస్తోంది. ఈ నల్ల బట్ట పట్టుకో."

ఎవరో ఫోన్లో పిట్ట అరుపు పెట్టారు. దాన్ని విని తల్లి వస్తుందట. అరుపు అయిపోగానే మళ్లీ మొదటినుంచి పెట్టారు.

పావుతక్కువ పదకొండుకు హనుమత్ప్రసాద్ గుమ్మంలోకి వచ్చాడు. "భిక్షపతీ, చిన్న కత్తెర ఒకటి ఇస్తావా?"

భిక్షపతి నోట్లో రెండు గుండుసూదులున్నాయి. దారాలు తుంచే చిన్న కత్తెర తీసి బల్ల మీద పెట్టాడు. దేనికని అడగలేదు. ప్రసాద్ సార్ కాగితం కోసేవాడు కాదు కదా అనుకున్నాడు. హనుమత్ప్రసాద్ కత్తెర తీసుకుని, "థాంక్స్ అయ్యా" అని వెళ్లాడు.

పన్నెండున్నరకు యూనిస్ వచ్చింది. సందు మొదట్లోనే పిట్ట అరుపు వినిపించింది. ఫోన్లోది, కరెంటు తీగ మీదనుంచి తల్లిది, రెండూ కలిసి. మొక్క చుట్టూ ఏడుగురు మగవాళ్లున్నారు. ఒకడు చిప్స్ తింటూ నిలబడ్డాడు. ఖాళీ ప్యాకెట్టు ఒకటి మొక్క డబ్బాలోని మట్టి మీద పడేసి ఉంది. ఇంకొకడు గుట్కా ఉమ్మి చెప్పుతో దాని మీద మట్టి తోశాడు. రెండు ఆకులూ విడిపోయి ఉన్నాయి. ఒకదానికి బట్టలారేసే క్లిప్పు పెట్టి కొమ్మకు కట్టారు. మధ్యలో గూడు, దాంట్లో మూడు పిల్లలు, నెత్తిన సూటిగా ఎండ. పిల్లల నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. కెమెరాలు ఆగకుండా మోగుతున్నాయి.

"ఏం చేస్తున్నరు సార్ మీరు? క్లిప్పు తియ్యండి ముందు."

"ష్," అన్నాడొకడు. "ఒక్క ఐదు నిమిషాలమ్మా. తల్లి వచ్చే ఫ్రేమ్ ఒక్కటి."

"తల్లి ఎట్లొస్తది? నువ్వు గూట్లె మూతి పెట్టి కూసుంటివి!"

ఆమె క్లిప్పు పీకడానికి చెయ్యి పెట్టింది. అప్పటిదాకా ఒక్కచోట నక్కి ఉన్న పిల్లల్లో ఒకటి గూట్లోంచి దూకింది. ఎగరలేదు, పడింది. డ్రైనేజీ మూత మీద పడి రెండుసార్లు రెక్కలు కొట్టుకుని మూత పక్క ఖాళీలోంచి లోపలికి జారింది.

"చూశావా, నువ్వే భయపెట్టావు," అన్నాడు చిప్స్ తింటున్నవాడు. "రెండు గంటలనుంచి ఏమీ కాలేదు."

గొడవకు భిక్షపతి బయటికి వచ్చాడు. జాకెట్టు ఇంకా చేతిలోనే ఉంది. ముందు ఆకుల అంచులు చూశాడు. పోగులు విరగలేదు, తెగాయి. ఒక్కోటీ రంధ్రం దగ్గరగా, శుభ్రంగా తెగింది. తర్వాత డబ్బా అంచు మీద తన కత్తెర చూశాడు. దాని మొనకు మెజెంటా పోగు అంటుకుని ఉంది.

హనుమత్ప్రసాద్ ఆయన మొహం చూసి కెమెరా దించాడు. "మొత్తం కోయలేదయ్యా. పైన కొన్ని కుట్లే. లోపల కనపడటం లేదని."

భిక్షపతి కత్తెర తీసి జేబులో వేసుకున్నాడు. ఏడుగురూ స్టాండ్లు మడుచుకుని, నల్లబట్ట దులుపుకుని వెళ్లిపోవడానికి పది నిమిషాలు పట్టింది. సందు మలుపులో ఒకరి కెమెరాలో ఫొటోలు మరొకరు చూసి "అద్భుతం" అన్నారు.

ఆ మధ్యాహ్నం పెళ్లికూతురి జాకెట్టు ఆలస్యమైంది. భిక్షపతి తొమ్మిదో నంబరు సన్న సూది తీసుకుని మొక్క ముందు కూర్చున్నాడు. యూనిస్ ఆకులు దగ్గరకు పట్టుకుంది. పాత రంధ్రాల్లోంచే దారం పోనిద్దామని చూశాడు. బట్టకు సూది గుచ్చితే పోగు పక్కకు జరిగి చోటిస్తుంది. ఆకు జరగదు, చినుగుతుంది. నాలుగో కుట్టుకు ఆకు అంచుదాకా చీరింది. ఆయన ఆపేశాడు. ఆకుల పైన పాత లైనింగు గుడ్డ నీడగా కప్పి గుండుసూదులు పెట్టాడు. ఇద్దరూ దుకాణంలోకి పోయి షట్టరు సగం దించుకుని కూర్చున్నారు. తల్లి తీగ మీదనుంచి మొక్క మీదికి వచ్చింది, గుడ్డ చూసి తీగ మీదికి పోయింది. గుడ్డ తీసేశారు. అప్పుడు కాకి వచ్చింది. యూనిస్ చీపురు తీసుకుని మెట్టు మీద కూర్చుంది. ఆమె కూర్చున్నంతసేపూ తల్లి రాలేదు, లేస్తే కాకి వస్తుంది. చీకటిపడేదాకా అలాగే జరిగింది.

సోమవారం పొద్దున గూటి నిండా చీమలున్నాయి. పిల్లలు రెండూ అక్కడే ఉన్నాయి. యూనిస్ గూడు మొత్తం ఒక లైనింగు ముక్కలో మూటకట్టింది. చీమలు మోచేతి దాకా పాకాయి. చెయ్యి కడుక్కుని వచ్చి క్యాలెండరు మీది చాక్‌పీస్ గీత తడిగుడ్డతో తుడిచింది.

"నేనే చెప్పిన బిడ్డా ఆయనకు," అన్నాడు భిక్షపతి.

"ఎరుకే. ఇంకెవరు చెప్తరు?" అంది. మిషన్ మీద కూర్చుంది. ఆ రోజు ఇద్దరూ అన్నం లోపలే తిన్నారు.

కోసిన బట్ట వెనక్కి ఇచ్చే అలవాటు భిక్షపతికి లేదు. బంద్‌గలా కుట్టాడు. కాజాలు చేత్తోనే వేశాడు. కాలర్ లోపల తన దుకాణం పేరున్న లేబుల్ కుట్టాడు. జూన్ ఆఖర్లో హనుమత్ప్రసాద్ వచ్చి కోటు వేసుకుని అద్దంలో చూసుకుంటున్నప్పుడు, పిల్లలు చచ్చిపోయాయని చెప్పాడు.

"అయ్యో," అన్నాడాయన. గుండీలు పెట్టుకుంటున్న చేతులు ఆగాయి. తర్వాత మళ్లీ కదిలాయి. "ప్రకృతి అంతేనయ్యా. కాకులు వదలవు. మనమేం చేస్తాం చెప్పు. ఈ చంక దగ్గర కొంచెం పట్టినట్టుంది చూడు."

ఆగస్టు మూడో శనివారం ఆయన ఫోన్ చేశాడు. పంజాగుట్టలో ఒక హాల్లో ఫొటోల ప్రదర్శన ఉంది, సాయంత్రం ఐదింటికి తప్పకుండా రావాలి అన్నాడు. "నీ పేరు కూడా పెట్టించానయ్యా."

"దేని మీద సార్?"

"వచ్చి చూడు."

ఆ మాట విన్నాక భిక్షపతి పని ముట్టుకోలేదు. కత్తెర కదిలించి మళ్లీ పెట్టాడు. తన పేరు దేని మీద ఉందో ఆయనకు అర్థమైంది. యూనిస్‌కూ అర్థమైంది. "పోదాం పా," అంది. "నీ పేరు ఏడ పెట్టిండ్రో చూడాలె గదా."

మెట్రోలో ఒకే స్టాపు. హాల్లో ఏసీ ఉంది. గోడల మీద అరవై దాకా ఫొటోలున్నాయి. సమోసాలు, టీ పెట్టారు. జనం కాగితం ప్లేట్లు పట్టుకుని ఫొటోల ముందు తిరుగుతున్నారు. లోపలికి వెళ్లగానే ఎదురుగా, మిగతావాటికి రెండింతల సైజులో, ఆ ఫొటో ఉంది. వెనకంతా నలుపు. రెండు ఆకులు పుస్తకంలా విప్పుకుని ఉన్నాయి. మధ్యలో మూడు నోళ్లు. ఒక మూల మెజెంటా పోగు వేలాడుతోంది. క్లిప్పు లేదు, కంప్యూటర్లో తీసేశారు. ఫ్రేముకు మొదటి బహుమతి రిబ్బను కట్టారు. కింద అట్ట మీద అచ్చువేసి ఉంది: 'అమ్మ కోసం. అమీర్‌పేట. ఫొటో: హనుమత్ప్రసాద్. సహకారం: భిక్షపతి, టైలర్.'

"ఆ పోగు రంగు చూడండి," అంటోంది ఒకామె పక్కనున్న ఆయనతో. "కావాలని పెట్టినా అలా కుదరదు."

స్కూలు యూనిఫాంలో ఉన్న పాప ఒకతె సమోసా ప్లేటు పట్టుకుని ఫొటోకు ముక్కు ఆనించి చూస్తోంది. యూనిస్ వైపు తిరిగింది. "అక్కా, వాళ్లమ్మ పురుగులు తెచ్చిందా తర్వాత?"

"తేలె," అంది యూనిస్. "రానియ్యలేదు. అవి ఆకలికి నోరు తెరిచినయి అనుకుంటున్నవా? ఎండకు తెరిచినయి. మూడూ సచ్చిపోయినయి."

పాప ప్లేటు దించింది. పాప వాళ్లమ్మ "రా ఇటు" అని చెయ్యి పట్టి లాగింది. ప్రదర్శన పెట్టిన సంఘం కార్యదర్శి అరుణాదేవి నవ్వుతూ వచ్చింది. "ఏమ్మా, ఏదైనా ఉంటే మాకు చెప్పండి, పిల్లలతో ఎందుకు అలా?"

"మీకే చెప్తున్న మేడం. గా ఆకులు పిట్ట విప్పలే. కత్తెరతో కోసిండ్రు. తెగిన పోగులు చూసిన నేను."

అరుణాదేవి ఫొటో వైపు చూసింది, రిబ్బను వైపు చూసింది. "గూళ్ల దగ్గర తీసినవి పోటీకి తీసుకోమమ్మా, నియమం ఉంది. ఇది దూరంనుంచి తీశామని రాసిచ్చారు," అంది. గొంతు తగ్గించి, "జడ్జీల నిర్ణయం అయిపోయింది. ఇప్పుడు స్టేజీ మీద ఇలాంటివి వద్దు, దయచేసి," అంది.

హనుమత్ప్రసాద్ బంద్‌గలా వేసుకుని ఉన్నాడు. భుజాలు ఎక్కడా ముడత లేకుండా కూర్చున్నాయి. చేతులు చాచి వచ్చాడు. దుకాణంలో ఎప్పుడూ భిక్షపతీ అనేవాడు, ఇక్కడ జనం ముందు గారు చేర్చాడు.

"రండి భిక్షపతి గారూ. శాలువా తెప్పించాం మీకు. మీరే లేకపోతే ఈ ఫొటో లేదు."

"నిజమే సార్," అన్నాడు భిక్షపతి. "గందుకే వచ్చిన. గా అట్ట మీద నా పేరు తీసెయ్యండి."

"అదేంటయ్యా? గౌరవంగా ఉంటుందని పెట్టాను."

"వద్దు సార్ గౌరవం."

"ప్రింటయిపోయిందయ్యా ఇప్పుడు. ఇన్విటేషన్ మీద, పేపర్‌వాళ్లకిచ్చిన నోటు మీద, అన్నిట్లో వెళ్లిపోయింది. ఇంకా ఆ పిల్లల సంగతేనా? నేను మాత్రం బాధపడలేదనుకున్నావా? ఈ ఫొటో చూసి ఎంతమంది పక్షుల మీద ప్రేమ పెంచుకుంటారో ఆలోచించు."

భిక్షపతి చొక్కా జేబులోంచి దారాలు తుంచే కత్తెర తీశాడు.

"కోటు జర విప్పండి సార్."

"ఎందుకు? ఏమైనా ఊడిందా?"

"కాలర్ దగ్గర పనుంది. రెండు నిమిషాలు."

ఇరవై రెండేళ్ల అలవాటు. హనుమత్ప్రసాద్ గుండీలు విప్పి కోటు ఇచ్చాడు. భిక్షపతి టీ బల్ల మీద ప్లేట్లు పక్కకు జరిపి కోటు పరిచాడు. కాలర్ తిప్పి లేబుల్ నాలుగు వైపులా కుట్లు ఒక్కోటీ తుంచాడు. గుడ్డకు గీత పడలేదు. తుంచిన పోగులు ఏరి, లేబుల్‌తో పాటు జేబులో వేసుకున్నాడు. కోటు దులిపి, మడిచి, హనుమత్ప్రసాద్ చేతికి ఇవ్వకుండా బల్ల మీద పెట్టాడు.

"దీని మీద సుత నా పేరుండె," అన్నాడు. "ఇది నేను కుట్టిన, తీసేది నాకొస్తది. గా గూడు పిట్ట కుట్టింది. మల్ల కుట్టుడు నాతోని కాలె సార్. కుట్టి సూసిన."

హనుమత్ప్రసాద్ బనియను కనపడే పల్చటి చొక్కాతో హాలు మధ్యలో నిలబడి ఉన్నాడు. మైకులో ఆయన పేరు పిలిచారు. ఆయన కోటు తీసుకుని, వేసుకుని, గుండీలు పెట్టుకుంటూ స్టేజీ వైపు నడిచాడు. చప్పట్లు కొట్టారు. భిక్షపతి, యూనిస్ అప్పటికి మెట్లు దిగుతున్నారు.

"శాలువా ఇడిసిపెట్టి వస్తివి," అంది యూనిస్. "లైనింగుకైన పనికొస్తుండె."

మెట్రో ఎక్కకుండా నడిచారు.

సోమవారం భిక్షపతి కిటికీ అంచు తుడిచాడు. పోగులన్నీ ఒక కవర్లో వేసి మూతికట్టి చెత్తబండిలో పడేశాడు. బాదం మొక్కకు కొత్త ఆకులు వచ్చాయి. చీరిన ఆకు ఎండి రాలింది. గురువారం పదింటికి ఒక పిట్ట కిటికీ అంచు మీద వాలింది. అదేనో, ఇంకొకటో. అటు గెంతింది, ఇటు గెంతింది, ఖాళీ అంచును ముక్కుతో రెండుసార్లు పొడిచింది.

యూనిస్ మిషన్ కింది నూలు పోగు ఒకటి తీసి విసరబోయింది.

"వెయ్యకు," అన్నాడు భిక్షపతి.

లేచి, చేతిలో ఉన్న జాకెట్టు గుడ్డను కిటికీ దగ్గర రెండుసార్లు విదిలించాడు. పిట్ట తీగ మీదికి ఎగిరింది. ఆయన మళ్లీ విదిలించాడు. అది హాస్టల్ గోడ దాటి పోయేదాకా గుడ్డ విదిలిస్తూనే ఉన్నాడు.